కాలు తగిలిన ప్రతిసారీ

మా అబ్బాయి ఏం చేస్తున్నాడని ఎవరైనా అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. అడిగినవాళ్ళ తప్పేం లేదు. చెప్పడం మొదలుపెడితే అరగంట పడుతుంది. అంతా విన్నాక వాళ్ళు "అయితే ఉద్యోగం ఇంకా రాలేదన్నమాట" అంటారు. అదీ నా మంట.

నవంబరులో షార్జా పార్కులో తెలుగువాళ్ళ కార్తీక వనభోజనాలు జరిగాయి. పులిహోర వరసలో నా ముందు నిలబడ్డ శ్రీసుధ గారు వెనక్కి తిరిగి అదే ప్రశ్న వేశారు. ఆవిడ కొడుకు ఏదో బ్యాంకులో డేటా చూస్తాడు. ఆ సంగతి నేను అడక్కుండానే చెప్పి, ఇక మీ వంతు అన్నట్టు ఆగారు.

"మా శశాంక్ వైడ్ రిసీవరమ్మా" అన్నాను.

"ఏ కంపెనీలో అన్నయ్యగారూ?"

"కంపెనీ కాదమ్మా. అమెరికన్ ఫుట్‌బాల్."

"ఓ, అమెరికాలో ఉన్నాడా!"

"లేదమ్మా. ఇక్కడే షార్జాలో, రోలాలో. మా ఇంట్లోనే."

ఆవిడ ముఖంలో జాలి కనబడేసరికి నాకు పౌరుషం వచ్చింది. చేతిలోని కాగితం ప్లేటునే మైదానం చేసి వివరించాను. ఈ ఆటలో బంతి గుండ్రంగా ఉండదు, పీచు తియ్యని కొబ్బరికాయలా కోలగా ఉంటుంది. అటు పదకొండు మంది, ఇటు పదకొండు మంది. నెత్తికి హెల్మెట్లు, భుజాలకి దిండ్లు. మావాళ్ళలో ఒకడు బంతి విసురుతాడు. మా శశాంక్ అందరికీ దూరంగా అంచున నిలబడి, ఒక్కసారిగా పరుగందుకుని, ఆ బంతిని గాల్లోనే పట్టుకుని అవతలి గీత దాకా ఉరకాలి. ఈలోగా అవతలివాళ్ళు మీద పడి కింద పడేస్తారు. పడేలోగా ఎంత దూరం పోతే అంత గొప్ప.

అంతా విని ఆవిడ, "పాపం, డిగ్రీ అయితే పూర్తయింది కదా?" అన్నారు. ఆ పూట నాకు పులిహోర సహించలేదు.

నా పేరు మూర్తి. మాది కాకినాడ. ఇరవై ఏడేళ్ళుగా షార్జాలో ఒక కాంట్రాక్టింగ్ కంపెనీలో డాక్యుమెంట్ కంట్రోలర్‌గా చేస్తున్నాను. ఏ డ్రాయింగు ఏ ఫైల్లో ఉందో, ఎన్నోసారి దిద్దినది సైటుకి వెళ్ళాలో చూడటం నా పని. కాగితం సరిగ్గా ఉంటే మనిషి సరిగ్గా ఉన్నట్టేనని నా నమ్మకం. ఇక్కడ ఇన్నేళ్ళు బతికినవాడెవడైనా ఆ మాటే అంటాడు.

మా శశాంక్ కాగితం ఫిబ్రవరి పంతొమ్మిదితో చెల్లిపోతుంది. ఆ రోజుకి వాడికి ఇరవై ఐదేళ్ళు నిండుతాయి. ఇరవై ఐదు నిండిన కొడుకు తండ్రి వీసా మీద ఉండటానికి లేదు. సొంత వీసా ఉండాలి, లేదా విమానం ఎక్కాలి. ఎక్కి ఎక్కడికి పోతాడు? వాడు పుట్టింది షార్జాలో. నడక నేర్చింది రోలాలో. కాకినాడ వాడికి వేసవి సెలవుల్లో దోమలు కుట్టే ఊరు. పాస్‌పోర్టు చూస్తే మాత్రం వాడు అక్కడివాడే.

ఈ లీగు కొత్తగా పెట్టారు. ఆరు జట్లు. మావాడిది షార్జా ఆరిక్స్. ఈ ఆట పిచ్చి వాడికి స్కూల్లో ఒక కెనడా పీఈటీ మాస్టారు అంటించి పోయాడు. ఎంపికలకి నూట నలభై మంది వస్తే అందులో నిలిచాడు. జీతం ఇస్తారు, బూట్లు ఇస్తారు, వీసా మాత్రం వెంటనే ఇవ్వరు. కొత్తగా తీసుకున్న రిసీవర్లు ముగ్గురు. సీజను చివరి మ్యాచ్ అయ్యాక వాళ్ళలో ఒక్కణ్ణి ఉంచుకుంటారు. ఆ ఒక్కడికి రెండేళ్ళ కాంట్రాక్టు, క్లబ్బు వీసా. చివరి మ్యాచ్ ఫిబ్రవరి పదహారు, ఆదివారం. మావాడి గడువుకి మూడు రోజుల ముందు.

ఆ ఒక్కడూ వాడే కావాలని నాకెంత ఉండేదో చెప్పలేను. చెప్పలేదు కూడా. పైకి మాత్రం, "కాకినాడలో మీ పెదనాన్న ఎరువుల షాపు ఉందిగా, చూసుకుందువుగాని" అని రోజూ పొద్దున్న కాఫీతో పాటు అనేవాణ్ణి. వాడు నవ్వి బూట్లు వేసుకుని పోయేవాడు.

మొదటి మ్యాచ్‌కి నేనూ మా అమ్మాయి సంజనా వెళ్ళాం. మా ఆవిడ రానంది. ఆవిడ పేరు బాలత్రిపురసుందరి. ఇక్కడి ఐడీ కార్డు మీద అంత పేరు పట్టక తోక తెగిపోయింది. ఇంట్లో బాల.

"వాణ్ణి నలుగురూ కలిసి కింద పడేస్తుంటే నేను వేరుశనక్కాయలు తింటూ చూడాలా? మీరే వెళ్ళండి" అంది బాల.

మైదానం దుబాయ్‌లో అల్ వర్సాన్ గోదాముల వెనకాల. జనం బాగానే ఉన్నారు. పక్కన లేబర్ క్యాంపుల నుంచి వచ్చారు. ఆదివారం సెలవు, టికెట్ లేదు, మంచినీళ్ళ సీసా ఉచితం. నా పక్కన కూర్చున్నాయనది జగిత్యాల దగ్గర ఊరట, పేరు లింబాద్రి, భవనాలకి సెంట్రింగ్ చెక్కలు కొట్టే షటరింగ్ కార్పెంటర్. కాసేపు ఆట చూసి నా వైపు వంగాడు.

"సార్, గీ ఆటల ఎవలు గెలుస్తున్నరో ఎట్ల తెలుస్తది?"

"నాకూ తెలీదండీ."

"మంచిగైంది. నాకొక్కనికే సమజైతలేదనుకున్న" అని సీసా మూత తీశాడు.

కాసేపటికి బంతి మావాడి వైపు వచ్చింది. వాడు ఎగిరాడు. అంత ఎత్తు ఎగరగలడని నాకు ఆ రోజు దాకా తెలీదు. ఇంట్లో అటక మీద డబ్బా తియ్యమంటే స్టూలు కావాలంటాడు. గాల్లోనే బంతి పట్టాడు, నేల మీద దిగాడు, ఉరికాడు. ఎదురుగా ఒక్కడే అడ్డం. నైజీరియా కుర్రాడట, తలుపంత భుజాలు. అతను మావాడి కాళ్ళ మీదికి దూకి, గురి తప్పి, బోర్లా పడ్డాడు. అతన్ని దాటేటప్పుడు మావాడి పాదం అతని భుజానికి తగిలింది. ఇక ముందంతా ఖాళీ. గీత దాకా నడిచి వెళ్ళినా చాలు.

మావాడు ఆగాడు. వెనక్కి తిరిగాడు. బంతి చంకలో పెట్టుకుని వంగి, ఆ కుర్రాడి భుజం తాకి, ఆ చేతిని హెల్మెట్ ముందున్న ఇనుప జాలీకి రెండుసార్లు అద్దుకున్నాడు. రెండోసారి అద్దుకునేలోగా ముగ్గురు వచ్చి మీద పడ్డారు. బంతి ఎటో పోయింది.

ఒక్క లింబాద్రే లేచి చప్పట్లు కొట్టాడు. "మస్తు పద్ధతిగల్ల పోరడు సార్! ఎవల పిలగాడో!"

"నా కొడుకే" అన్నాను. గర్వపడాలో, కుర్చీ కింద దూరాలో నాకు తేలలేదు.

ఇందులో మావాడి తప్పు ఎంతో, బాల పెంపకం ఎంతో చెప్పాలంటే మా ఇంటి గురించి చెప్పాలి. రోలాలో మాది ఒకే పడగ్గది ఉన్న ఫ్లాటు. మేం నలుగురం కాక, విజిట్ వీసా మీద ఉద్యోగం వెతుక్కోవడానికి వచ్చిన మా చుట్టాలు ఎప్పుడూ ఒకరో ఇద్దరో హాల్లో పడుకుని ఉండేవారు. మా పిన్ని కొడుకు ఒకడు పదకొండు నెలలు ఉన్నాడు. పొద్దున్నే స్నానాల గదికి వెళ్ళాలంటే మనుషుల మీద నుంచి దాటాలి. దాటితే కాలు తగులుతుంది. తగిలితే వంగి తాకి కళ్ళకద్దుకోవాలి. బాల దగ్గర ఆ విషయంలో మినహాయింపు లేదు. నిద్రపోతున్నవాడికి తెలియదు కదా అంటే, "నీకు తెలుసు కదా" అనేది. మనిషే కాదు, పుస్తకానికి తగిలినా, పేపరుకి తగిలినా, అన్నం మెతుక్కి తగిలినా అంతే. వాడు స్కూలు బస్సు ఎక్కేలోగా పది పన్నెండుసార్లు వంగి లేచేవాడు. ఇరవై ఏళ్ళ కసరత్తు అది. ఇప్పుడు కాలు తగిలితే వాడి నడుము వాణ్ణి అడక్కుండానే వంగుతుంది.

నేనా? నాకు అలాంటి పట్టింపులు లేవు. చుట్టాల మీద నుంచి దర్జాగా దాటి ఆఫీసుకి పోయేవాణ్ణి.

ఆ మొదటి మ్యాచ్‌ని సంజన ఫోన్లో తీసింది. తీసి ఊరుకోకుండా ఎందులోనో పెట్టింది. వారంలో నలభై వేల మంది చూశారు. ఆ నలభై వేల మందిలో మిగతా అయిదు జట్లవాళ్ళూ ఉన్నారు. మూడో మ్యాచ్ నుంచి మావాణ్ణి పడగొట్టే కష్టం ఎవరూ పెట్టుకోలేదు. వాడు ఉరికే దారిలో అడ్డంగా పడుకునేవారు. మావాడు తగలకుండా దాటాలని చూసేవాడు, వాళ్ళు దొర్లి మరీ తగిలించుకునేవారు. మావాడు వంగేవాడు. మిగతావాళ్ళు వచ్చి పడేవారు. నాలుగో మ్యాచ్‌లో ఒకడు పడుకునే చెయ్యెత్తి మావాడి హెల్మెట్ మీద పెట్టి దీవించాడు కూడా.

పోటీలో ఉన్న మిగతా ఇద్దరు రిసీవర్లలో ఒకడు లెబనాన్ వాడు, ఒకడు మనీలా వాడు. మావాడి కంటే నెమ్మది, చేతులు కూడా అంతంత మాత్రం. కానీ ఇద్దరూ మనుషుల మీద నుంచి నిశ్చింతగా నడిచిపోయేవారు.

కోచ్ టెక్సాస్ మనిషి. ఈ వ్యవహారమేంటో అతనికి వివరించింది ఖాదర్ హుస్సేన్. హైదరాబాదు చాంద్రాయణగుట్ట నుంచి వచ్చి జట్టు వ్యాను నడుపుతూ, హెల్మెట్లు తుడుస్తూ, అడిగినా అడక్కపోయినా కోచ్‌కి సలహాలిచ్చే మనిషి. కోచ్ అంతా విని, మర్యాద చాలా మంచిదే, అయితే ఈల ఊదిన తర్వాత చెయ్యమను అన్నాడట. మైదానంలో నలభై దిండ్లు పరిపించి వాటిని తొక్కుకుంటూ మావాణ్ణి ఉరికించాడు. దిండ్లను మావాడు బాగానే తొక్కాడు. దిండ్లకి మొక్కమని వాళ్ళమ్మ ఎప్పుడూ చెప్పలేదు.

"మూర్తి సాబ్, మీ పోరడు ఉరికితె హవా లెక్క ఉరుకుతడు. కాలు తగిలిందా, ఖలాస్, ఆడనే బ్రేక్" అన్నాడు ఖాదర్ హుస్సేన్ ఒక రోజు, మా భవనం కింద వ్యాను ఆపి. "మీరే ఏమన్న సోంచాయించుండ్రి."

నేను ఆలోచించాను. శశాంక్‌ని బాల్కనీలోకి పిలిచి తలుపు వేశాను.

"ఒరేయ్, మైదానంలో మనసులో మొక్కుకోరా. దేవుడికి తెలుస్తుంది."

"మనసులో మొక్కితే లెక్కలోకి రాదు నాన్నా. నాకు ఆరేళ్ళప్పుడే అడిగాను. అమ్మ ఒప్పుకోలేదు."

"పోనీ మ్యాచ్ అయిపోయాక అందరికీ కలిపి ఒకేసారి?"

"అదీ అడిగాను. ఎవరిది వాళ్ళకే, అప్పటిదప్పుడే అంది."

వాడు సరదాకి అనలేదు. రెయిలింగ్ పట్టుకుని కింద రోలా వీధి వైపు చూస్తూ, "నేను ఆగకూడదనే అనుకుంటాను నాన్నా. ఒళ్ళు వినదు" అన్నాడు. కింద టాక్సీల హారన్లు, చీరల షాపువాడి కేకలు. ఇవన్నీ వాడికి ఇంకెన్నాళ్ళో అనిపించింది. ఎరువుల షాపు ప్రస్తావన ఆ రోజు నుంచి మానేశాను.

ఇదంతా బాలకి చెప్పలేదు. నీ పెంపకం వల్ల కొడుకు వీసా పోతోందని పెళ్ళానికి చెప్పగల మగాడు ఈ ఏడు ఎమిరేట్స్‌లోనూ లేడు. బాల ఫోన్లో వాట్సాప్ తప్ప ఏదీ ఉండదు కాబట్టి వీడియో బాధా లేదు. వాడు ఒళ్ళంతా కమిలిపోయి ఇంటికొస్తుంటే ఆవిడ దిష్టి తగిలిందనుకుంది. ఒక శుక్రవారం ఉప్పూ ఎండుమిరపకాయలూ దిగదుడిచి పొయ్యి మీద వేసింది. వంటింట్లో పొగ పసిగట్టే యంత్రం మొత్తుకుంది. తొమ్మిది అంతస్తుల వాళ్ళూ మెట్ల మీదుగా కిందికి దిగారు. ఫైరింజన్ వచ్చింది. ఎవరి ఫ్లాటు, ఏమిటి కారణం అని తెలిశాక ఆ జనమంతా మా శశాంక్‌ని కింది నుంచి పైదాకా చూశారు. అంతకు ముందు దిష్టి లేకపోయినా ఆ రోజు తగిలే ఉంటుంది.

జనవరి అంతా వాడు బెంచీ మీదే కూర్చున్నాడు. ఫిబ్రవరి రెండో వారంలో ఖాదర్ హుస్సేన్ ఫోన్ చేశాడు.

"కోచ్ ఆఖరి మ్యాచ్‌ల మనోనికి ఛాన్స్ ఇస్తడంట సాబ్. ఒక్కసారి ఆగిండంటే మల్ల లేదన్నడు."

చివరి మ్యాచ్‌కి నేనూ వస్తానంది బాల. వాడు బుధవారం వెళ్ళిపోవాల్సి వస్తే ఇక వాడు ఆడటం చూసే రాతే ఉండదని ఆవిడ బాధ. నాకు కారు లేదు, నడపటం రాదు. జట్టుని ముందే దింపేసి ఖాదర్ హుస్సేన్ మా ముగ్గురి కోసం వ్యాను తీసుకుని వెనక్కి వచ్చాడు. దుబాయ్ రోడ్డు మీద ట్రాఫిక్ ఆగింది. కొందరు ట్రాఫిక్ ఆగితే పాటలు వింటారు. ఖాదర్ హుస్సేన్ నిజాలు చెబుతాడు.

"భాభీ, బురా మత్ మానో. మీ పోరనికి కాళ్ళు మంచిగున్నయ్, చేతులు మంచిగున్నయ్. మీరు నేర్పిన అదబ్, గా మర్యాద ఉన్నది సూడుండ్రి, గదే వాని టాంగ్ పట్టి గుంజుతున్నది" అని మొదలుపెట్టి మొదటి మ్యాచ్ నుంచి దీవించినవాడి దాకా అంతా చెప్పేశాడు. నేను అద్దంలో అతనికి సైగలు చేస్తూనే ఉన్నాను. అతను రోడ్డు చూస్తున్నాడు. సంజన తన ఫోన్ తీసి వాళ్ళమ్మ చేతిలో పెట్టింది.

బాల ఆ వీడియో మూడుసార్లు చూసింది. కొడుకు వంగడం, హెల్మెట్‌కి చెయ్యి అద్దుకోవడం, ముగ్గురు వచ్చి పడటం. కొంగుతో ఫోన్ తుడిచి సంజనకి ఇచ్చేసి, అల్ వర్సాన్ వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఆవిడ తిట్టినా నాకు అంత భయం వెయ్యదు.

వ్యాను దిగి తిన్నగా మైదానం కంచె దగ్గరికి వెళ్ళింది. "ఒరే శశీ, ఇలా రా" అని పిలిచింది. ఆరిక్స్ జట్టు మొత్తం తిరిగి చూసింది. వాడు హెల్మెట్ తీసి వచ్చాడు.

"నీ కాలు ఎవరికి తగిలినా నువ్వు ఆగొద్దు. నీ బదులు నేను మొక్కుతాను."

"నువ్వు మొక్కితే నాకెలా సరిపోతుందమ్మా? ఎవరిది వాళ్ళకే అన్నావుగా?"

"కడుపులో ఉన్నప్పుడు ఆ కాళ్ళతో తొమ్మిది నెలలు నన్ను తన్నావు. నాకెవడు మొక్కాడురా? ఆ కాళ్ళు ముందు నావి, తర్వాత నీవి. వాటి సంగతి నేను చూసుకుంటాను. నువ్వు పరిగెత్తు."

వాడు వాళ్ళమ్మని చూశాడు, నన్ను చూశాడు. హెల్మెట్ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

లింబాద్రి ఈసారి క్యాంపు నుంచి అరవై మందిని వెంటపెట్టుకొచ్చాడు. పద్ధతిగల పోరణ్ణి చూపిస్తానని చెప్పి తెచ్చాడట. మా ముందు వరసల్లో అందరూ కూర్చున్నారు. కొడుకుని పద్ధతి మానమని బాల ఇప్పుడే చెప్పి వచ్చిందని వాళ్ళకి తెలిస్తే ఏమంటారోనని నేను నోరు విప్పలేదు. బాలే చెప్పింది. మొక్కాలంటే తాకడానికి ఒక మనిషి కావాలి, ఎదురుగా లింబాద్రి భుజం ఉంది.

"తమ్ముడూ, ఏమీ అనుకోకు, మధ్యమధ్యలో నీ భుజం తాకుతాను" అని సంగతంతా వివరించింది.

లింబాద్రి గంభీరంగా విన్నాడు. "తాకుండ్రి అక్కా. గంతకన్నన?" అని కాస్త వెనక్కి జరిగి కూర్చున్నాడు.

నాలుగు పావుల ఆటలో మూడో పావులో మావాడికి బంతి అందింది. పట్టుకున్నాడు, ఉరికాడు, అడ్డం పడుకున్నవాడికి కాలు తగిలింది. వంగలేదు. నేను సీట్లోంచి లేచాను. వంగలేదు గానీ, వాళ్ళమ్మ మొక్కిందో లేదో చూద్దామని మెడ తిప్పి మా వైపు చూశాడు. బాల అప్పుడే లింబాద్రి భుజం తాకి కళ్ళకద్దుకుంటోంది. వాడికి నమ్మకం కుదిరేలోగా ఇద్దరు వచ్చి పడేశారు. బంతి పోలేదు, అంతవరకూ నయం. కోచ్ టోపీ తీసి నేలకేసి కొట్టాడు గానీ, ఆగలేదు కాబట్టి వాణ్ణి బయటికి పిలవలేదు.

"నన్ను చూడకురా సన్నాసీ! ముందు చూడు!" అని అరిచింది బాల. ఇన్నేళ్ళ కాపురంలో మా ఆవిడ వీధిలో గొంతెత్తగా నేను వినలేదు.

ఆఖరి నిమిషం వచ్చింది. మావాళ్ళు నాలుగు పాయింట్లు వెనకబడి ఉన్నారు. బంతితో అవతలి గీత దాటితే ఆరు వస్తాయి. దాటితే గెలుపు, లేకపోతే సీజను అయిపోయినట్టే. బంతి విసిరేవాడు వెనక్కి వెనక్కి నడిచి మైదానం సగానికి పైగా విసిరాడు. కిందికి దిగుతున్న ఆ బంతి కింద ఉన్నది మా శశాంక్ ఒక్కడే.

పట్టాడు. మొదటివాడు కాళ్ళ మీదికి దూకాడు. దాటాడు, తగిలింది. బాల వంగింది, తాకింది, అద్దుకుంది. మావాడు మెడ తిప్పలేదు. రెండోవాడు పడుకుని ఉన్నాడు, వాడి చేతికి తగిలింది. బాల మళ్ళీ వంగింది. వంగి లేచేసరికి మూడోవాడు, వాడి వెనకే నాలుగోవాడు.

"అయ్యో, నావల్ల కావట్లేదు, వాడు ఆగట్లేదు!" అంది బాల, మోకాలు పట్టుకుని.

లింబాద్రి లేచి నిలబడ్డాడు. "అక్కా, మూడోది నాకిడువుండ్రి!" అని తన ముందువాడి భుజం తాకి కళ్ళకద్దుకున్నాడు. "అరేయ్ నర్సయ్యా, నాలుగోది నువ్వు! మొక్కుర్రి బే, సూస్తరేంది!"

అరవై మందీ లేచారు. ఎవరి ముందున్నవాడి భుజం వాళ్ళు తాకి కళ్ళకద్దుకుంటున్నారు. మావాడి కాలు ఇంకెవరికైనా తగిలిందో లేదో ఎవరూ చూడలేదు, ముందుగానే మొక్కేస్తున్నారు. నా చెయ్యి కూడా లేచింది. ముందున్న ముక్కూ మొహం తెలీని మనిషి భుజం తాకి, కళ్ళకి గట్టిగా అద్దుకున్నాను. చుట్టాల మీద నుంచి దర్జాగా దాటి పోయినవాణ్ణి. చెయ్యి తీసి చూసేసరికి మావాడు గీత అవతల, బంతి పట్టుకుని ఒంటరిగా నిలబడి ఉన్నాడు.

ఇంత గోల ఏమిటని కోచ్ వెనక్కి తిరిగాడు. అరవై మంది మగాళ్ళు ఒకేసారి కళ్ళకి చేతులు అడ్డం పెట్టుకుని కనిపించారు. అందరూ ఏడుస్తున్నారనుకున్నాడట. నిజంగా ఏడుస్తున్నది అందులో నేనొక్కణ్ణే.

మ్యాచ్ అయ్యాక బాల ఊరుకోలేదు. సంచీలోంచి సున్నుండల డబ్బా తీసి, అవతలి జట్టువాళ్ళలో కింద పడ్డ నలుగుర్నీ వెతికి పట్టుకుని, "మావాడి కాలు తగిలింది బాబూ, ఏమీ అనుకోకండి" అని తెలుగులోనే చెప్పి తలా రెండు పెట్టింది. నాలుగో మ్యాచ్‌లో దీవించినవాడూ ఆ జట్టువాడే, వాడికి మూడు. కోచ్ అది చూసి ఖాదర్ హుస్సేన్‌తో ఏదో అన్నాడు. ఖాదర్ హుస్సేన్ పళ్ళన్నీ బయటపెట్టి మా దగ్గరికి వచ్చాడు.

"రెండేండ్ల కాంట్రాక్ట్ మంజూర్ సాబ్. ఒకటే షర్తు. అమ్మ ప్రతి మ్యాచ్‌కు రావాల్నంట. పాస్ ఇస్తడంట."

"నా మోకాళ్ళకి కూడా వాళ్ళే చూపిస్తారేమో అడుగు" అంది బాల.

మంగళవారం పొద్దున్న, నేను ఆఫీసుకి సెలవు పెట్టి, శశాంక్‌ని తీసుకుని రోలాలో టైపింగ్ సెంటర్‌కి వెళ్ళాను. ఇక్కడ ఏ అర్జీ అయినా అక్కడే టైపు చేయించాలి. ఇరవై ఐదేళ్ళుగా వాడి ప్రతి కాగితం నేనే అక్కడ చేయించాను. కంప్యూటర్ ముందు కూర్చున్నది నిజామాబాద్ నుంచి వచ్చిన సైదున్నీసా అనే అమ్మాయి.

"ప్రొఫెషన్ ఏం రాయాలె అంకుల్?"

"ప్లేయర్" అన్నాను. ఆ అమ్మాయి మారు మాట్లాడకుండా కొట్టింది. ఒక్క ముక్క వివరించమని అడగలేదు. శ్రీసుధ గారు ఆ అమ్మాయి దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

"స్పాన్సర్ పేరు?"

నేను అలవాటుగా నా పేరు మొదలుపెట్టాను. శశాంక్ నా చెయ్యి మెల్లిగా నొక్కి, క్లబ్బు పేరు చెప్పాడు. ఆ అమ్మాయి అదే కొట్టింది. నా పేరు ఉండే గడిలో ఆ పేరు పడింది. అదే కదా నేను కోరుకున్నది, అయినా లోపల ఏదో ఖాళీ అయింది. వాడు ఇకనుంచి నా కాగితం మీద లేడు. సంతకం పెట్టడానికి నాకేమీ మిగల్లేదు.

సంతకం చెయ్యమంటే వాడు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. బల్ల కింద వాడి బూటు నా కాలికి తగిలింది.

పెన్ను పక్కన పెట్టి, వంగి, నా మోకాలు తాకి కళ్ళకద్దుకున్నాడు. సైదున్నీసా టైపు చేస్తున్నది ఆపి చూసింది. బయట ఎండలో టాక్సీలు హారన్లు కొడుతున్నాయి. ఇక్కడ వాళ్ళమ్మ లేదు, లింబాద్రి లేడు. వాడి మొక్కు వాడే మొక్కాడు.

నేను వాడి తల మీద చెయ్యి పెట్టాను. "సరే, ఇక సంతకం చెయ్యి. పదకొండింటికి వీసా మెడికల్‌కి వెళ్ళాలి" అన్నాను.